నాన్న వద్దంటున్నారు, ఫ్రెండ్స్ వెయ్యమంటున్నారు: టర్బో బండికి కొత్త ఇన్‌టేక్ పెట్టించాలా?

ఈసారి ఉత్తరం హైదరాబాద్ చందానగర్ నుంచి వచ్చింది. రాసిన తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్లు, నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2023లో కొన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) మాన్యువల్ బండి, వారంటీ ఇంకా ఉంది. ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్స్‌తో కలిసి అనంతగిరి వైపు డ్రైవ్‌కి వెళ్తుంటాడు. ఆ గుంపులో అందరి బండ్లకూ ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కి గాలి అందించే ఫిల్టరూ పైపూ, మార్చేశారట, యాక్సిలరేటర్ తొక్కితే ఆ ఈల, వదిలితే ఆ 'సుస్స్' అనే శబ్దం వింటుంటే తన బండి మూగదానిలా అనిపిస్తోందట. ఒక షాపువాళ్లు బయటికి కనిపించే కోన్ ఫిల్టర్, అల్యూమినియం పైపు కలిపి 14 వేలు చెప్పారు, 15 హెచ్‌పీ (హార్స్‌పవర్) పెరుగుతుందన్నారు. ఇంకొకరు మూత ఉన్న పెట్టెతో వచ్చే కిట్ 38 వేలన్నారు. మూడో ఫ్రెండేమో ఇవేవీ వద్దు, కంపెనీ డబ్బాలోనే పట్టే ఫిల్టర్ ఒకటి వేసుకో, ఐదారు వేలతో అయిపోతుందన్నాడు. బోనస్ వచ్చింది, ఆ ఊపులో మొదటి షాపులో ఐదు వేలు అడ్వాన్స్ కూడా కట్టేశాడు. ఇంట్లో తెలియదు. వాళ్ల నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఈ బండి డౌన్ పేమెంట్‌లో సగం ఆయన పీఎఫ్ డబ్బే. మాటల్లో ఒకసారి ఈ సంగతి ఎత్తితే "గాలి ఫిల్టరంటే ఇంజిన్‌కి ముక్కురా, ఎవడైనా ముక్కు కోయించుకుంటాడా" అని కోప్పడ్డారట. అప్పట్నుంచి బండి గురించి ఇంట్లో మాటల్లేవు. "అన్నా, నిజంగా పవర్ పెరుగుతుందా? ఏది వేయించుకోను? నాన్నకి ఏం చెప్పను?" ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ, ముందు ఒకటి తేల్చుకుందాం. నీ ఉత్తరంలో పవర్ అనే మాట రెండుసార్లు వచ్చింది, శబ్దం గురించి మాత్రం పేరా నిండా రాశావు. నీకు కావాల్సింది ఆ శబ్దమే అనుకుంటున్నాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇష్టపడి కొనుక్కున్న బండి పలకాలని కోరుకోవడం తప్పు కాదు. కాకపోతే శబ్దం కోసం డబ్బు పెడుతూ పవర్ కోసమని చెప్పుకుంటే తప్పు సామాను ఇంటికొస్తుంది. అందుకే 15 హెచ్‌పీ మాట మొదట చూద్దాం.

నీ ఇంజిన్ ఒక లీటరు, మూడు సిలిండర్లు, టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసే చక్రం), కంపెనీ లెక్క 115 పీఎస్ శక్తి (పీఎస్ అంటే దాదాపు హెచ్‌పీయే), 178 ఎన్ఎం టార్క్, అంటే తిప్పే బలం. షాపువాళ్లు చెప్పినట్టు ఒట్టి పైపు మార్చినందుకే 15 పెరగాలంటే శక్తి పదమూడు శాతం ఎక్కాలి. అంత అడ్డంకిని కంపెనీ ఇంజినీర్లు ఫిల్టర్ డబ్బాలో వదిలేసి ఉండరు. పైగా టర్బో బండిలో లెక్క వేరుగా నడుస్తుంది. నువ్వు పెడల్ తొక్కినప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంత టార్క్ కావాలి అని ఒక లక్ష్యం పెట్టుకుని, దానికి తగినంత బూస్ట్, అంటే టర్బో నొక్కిన గాలి పీడనం, వచ్చేలా వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపుని ఆడిస్తుంది. ఫిల్టర్ దగ్గర గాలి కాస్త సులువుగా లోపలికి వచ్చిందనుకో, అదే బూస్ట్‌కి టర్బో కొంచెం తక్కువ కష్టపడుతుంది, అంతే. లక్ష్యం మారలేదు కాబట్టి చక్రాల దగ్గరికి చేరే శక్తి కూడా పెద్దగా మారదు. రీమ్యాప్ చేసి, అంటే ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి, ఆ లక్ష్యాన్నే పెంచినప్పుడు పెద్ద ఇన్‌టేక్ ఎంతో కొంత పనికొస్తుంది. నువ్వు రీమ్యాప్ ఊసు ఎత్తలేదు, వారంటీలో ఉన్న బండికి నేనూ ఎత్తను.

మరి నీ ఫ్రెండ్స్ "బండి ఎగురుతోంది" అంటున్నారే అంటావా, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టే ఒంటికి అనిపిస్తుంది. నిజంగా తెలుసుకోవాలంటే ఒకే రోజు, ఒకే పెట్రోలుతో, ముందు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) డబ్బాతో మూడుసార్లు, తర్వాత కొత్తదానితో మూడుసార్లు డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) మీద నడిపించి చూడాలి. అలా తీసిన కాగితం ఉంటే చూపించమని షాపువాళ్లని అడుగు. బండి ఏ మోడలో, ఆ రోజు ఎండ ఎంతో అందులో రాసి ఉండాలి.

ఇప్పుడు చల్లగాలి సంగతి. ఈ కిట్లన్నీ అమ్ముడయ్యేది ఆ పేరు మీదే, కానీ ఈ రోజుల్లో చాలా బండ్లకి కంపెనీ ఇచ్చిన డబ్బాయే బయటి గాలిని పీలుస్తుంది. బానెట్ ఎత్తి ఫిల్టర్ డబ్బా నుంచి ముందుకి వెళ్లే ప్లాస్టిక్ గొట్టాన్ని వేలితో అనుసరిస్తూ పో, ఎక్కడ తెరుచుకుంటుందో నీ కళ్లతో నువ్వే చూస్తావు. గ్రిల్ వెనకో హెడ్‌లైట్ పక్కనో తెరుచుకుంటే నీకు చల్లగాలి ఇన్‌టేక్ ఇప్పటికే ఉన్నట్టు. షాపువాళ్లు 14 వేలకి ఇస్తామన్న కోన్ ఫిల్టర్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాని చుట్టూ పెట్టె లేదు, బానెట్ కింద ఇంజిన్ పక్కనే కూర్చుంటుంది. మే నెలలో గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర బయట 40 డిగ్రీలు, బానెట్ కింద 70 అనుకుందాం. ఆ వేడి గాలి బయటి గాలి కంటే సుమారు 9 శాతం పలచగా ఉంటుంది. డబ్బిచ్చి చల్లగాలిని తీసేసి వేడిగాలి తెచ్చుకున్నట్టవుతుంది. నీ టర్బో తర్వాత నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది కాబట్టి ఆ నష్టం అంతా ఇంజిన్ దాకా చేరదు, నిజమే, కానీ సిగ్నల్ దగ్గర ఆగి కదిలే ట్రాఫిక్‌లో లాభం మాత్రం ఏమీ ఉండదు. ఓ మాట, బండి కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ డాంగిల్ పెట్టి ఫోన్లో ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తే సరిపోతుంది కదా అనుకోకు. టర్బో బండ్లలో ఆ అంకె చాలాసార్లు ఇంటర్‌కూలర్ దాటాక కొలిచింది అయ్యుంటుంది. చిన్న డిజిటల్ థర్మామీటర్ వైరు ఫిల్టర్ నోటి దగ్గర కట్టి ఆఫీసుకి ఒకసారి వెళ్లి రా, అసలు సంగతి దాంతో తెలుస్తుంది.

దుమ్ము దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే మీ నాన్నగారి కోపం దీని గురించే, అందులో పస ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి. అంటే తొమ్మిది వేల లీటర్ల గాలి. లీటరుకి 15 కిలోమీటర్లు వస్తుందనుకుంటే పదివేల కిలోమీటర్లకి నీ ఇంజిన్ అరవై లక్షల లీటర్ల గాలి మింగుతుంది, అది కూడా ఎక్కడ చూసినా బిల్డింగులు లేస్తున్న నానక్‌రామ్‌గూడ గాలి. అందులోని సన్న ఇసుక ఫిల్టర్ దాటితే పిస్టన్ రింగుల్నీ సిలిండర్ గోడల్నీ గీరుతుంది. వాటికంటే ముందు దాని దారిలో ఉండేది టర్బో రెక్కలు, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రం అది. పాత బస్సుల్లో, ట్రాక్టర్లలో ఫిల్టర్ కింద నూనె తొట్టి ఉండేది, గాలి దాని మీదుగా తిరిగి వెళ్తే దుమ్ము నూనెకి అంటుకునేది. దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే ఇంజిన్ ఎలా పొగ కక్కేదో డిపోలో పనిచేసినవాళ్లకి బాగా తెలుసు. ఆయన అక్కడి నుంచి మాట్లాడుతున్నారు. టీఎస్ఐ అంటే ఏమిటో ఆయనకి తెలియకపోవచ్చు, ఇసుక ఇనుముని ఏం చేస్తుందో నీకంటే నాకంటే బాగా తెలుసు.

అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు ఎంత గాలి వదులుతుంది అన్నది కాకుండా ఎంత దుమ్ము పడుతుంది అని అడుగు. దీనికి ఐఎస్ఓ 5011 అనే పరీక్ష ఉంది, దాని ఫలితం చూపించే కంపెనీ అయితే కొంత నమ్మొచ్చు. 99 శాతం పట్టే ఫిల్టర్‌కీ 97 శాతం పట్టే ఫిల్టర్‌కీ తేడా రెండే కదా అనిపిస్తుంది, కానీ లోపలికి జారే దుమ్ము చూడు, ఒకటికి మూడు, అంటే మూడింతలు. నూనె రాసే కాటన్ ఫిల్టర్లు గాలి బాగా వదులుతాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు, కానీ కడిగాక నూనె తక్కువ రాస్తే దుమ్ము దాటుతుంది, ఎక్కువ రాస్తే ఆ నూనె లోపలికి పోతుంది. కొన్ని బండ్లలో గాలిని కొలిచే సన్నని వేడి తీగ, అదే మాఫ్ సెన్సర్, దాని మీద నూనె పేరుకుంటే రీడింగ్ తప్పుతుంది. అలాంటి బండ్లకి పైపు వెడల్పు మార్చినా లెక్క తప్పి పెట్రోలు తక్కువ పడుతుంది, పీ0171 అనే కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. నీ టీఎస్ఐ మాఫ్ మీద కాక పీడనం కొలిచే సెన్సర్ల మీద నడుస్తుంది కాబట్టి ఆ తలనొప్పి నీకు తక్కువ. అయినా మన దుమ్ముకి పొడిగా ఉండే సింథటిక్ ఫిల్టరే నయమని నా అభిప్రాయం, అది కూడా పేరున్నది, బిల్లుతో.

ఇక నీళ్లు. నువ్వు రాయలేదు కానీ ఆ షాపువాళ్లు రేపు ఇంకో మాట అంటారు: "వేడి సమస్యా, పైపు పొడిగించి ఫిల్టర్‌ని బంపర్ లోపల కింద పెడదాం, అసలైన కోల్డ్ ఎయిర్ అదే" అని. వద్దు. ఈ దారి మాత్రం నేను ఖరాఖండిగా వద్దంటాను. చందానగర్ నుంచి ఆఫీసుకి వెళ్లాలంటే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ దాటాలి, గట్టిగా అరగంట వాన పడితే అక్కడ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఫిల్టర్ నీటిలో మునిగితే ఇంజిన్ నీళ్లు పీలుస్తుంది, గాలిలా నీళ్లు నొక్కుకుపోవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2020 అక్టోబరు వానల్లో ఈ నగరంలో బండ్లు ఎలా మునిగాయో చూశాం. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఇలాంటి ఇంజిన్ నష్టాన్ని సాధారణంగా భరించదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉండాలి. అది ఉన్నా, చెప్పకుండా మార్చిన ఇన్‌టేక్ సర్వేయర్ కంట పడితే వాదన మొదలవుతుంది. నీళ్లు రాగానే గాలి వేరే దారిన తీసుకునే బైపాస్ వాల్వులు దొరుకుతాయి కానీ అవి టర్బో బండ్లకి పనికిరావు. ఫిల్టర్‌కి తొడిగే గుడ్డ తొడుగు జల్లుకి ఆగుతుంది, మునిగితే ఆగదు.

వారంటీ, చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ఒకటుంది, బయటి పార్టు వేసినంత మాత్రాన వారంటీ పోయిందని కంపెనీ అనకూడదు. అక్కడి వీడియోలు చూసి మనవాళ్లు ఇక్కడా అంతే అనుకుంటారు. ఇక్కడ నీ వారంటీ పుస్తకంలో మార్పుల గురించి ఏం రాశారో అదే నీకు ఆధారం, ఈ రోజే తీసి చదువు. రేపు టర్బో పోతే సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట వేలు చూపించేది ఇన్‌టేక్ వైపే. చట్టం వైపు చూస్తే, మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డబ్బా లోపలి ఫిల్టర్ మార్చుకున్నందుకు నిన్నెవరూ ఆపరు. పైపులు మార్చి శబ్దం పెంచితే మాత్రం ఎవరో ఒకరు బానెట్ ఎత్తమనే రోజు రావచ్చు, ఆ సంగతి తెలిసే దిగాలి.

సరే, ఇవన్నీ విన్నాక నీ ముందున్న దారులు చూద్దాం.

ఏమీ మార్చకుండా ఉండటం ఒకటి. ఇది ఓటమి అనుకోకు. డబ్బా మూత తీసి చూడు, ఎండుటాకులు, చచ్చిన పురుగులు, ఒక్కోసారి ఎలుక గూడు కూడా దొరుకుతుంది. డబ్బా లోపల తుడిచి, కంపెనీ కాగితం ఫిల్టర్ కొత్తది వేసి, మూత అంచుల్లో సీల్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకో. మన దుమ్ములో సర్వీస్ పుస్తకం చెప్పిన దానికంటే ముందే మార్చాల్సి రావచ్చు. కొత్త ఫిల్టర్‌తో మైలేజీ పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకు, 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల పరీక్షించి చూస్తే ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా తగ్గలేదు, పికప్ తగ్గింది. ఈ దారిలో శబ్దం రాదు, అది ఒక్కటే లోటు.

కంపెనీ డబ్బాలోనే పట్టే ఫిల్టర్ ఇంకోటి. పవర్ దాదాపు అదే, శబ్దం చెవి పెట్టి వింటే కాస్త. వారంటీకి ఇబ్బంది తక్కువ, సర్వీస్‌కి ఇచ్చే ముందు పాతది పెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే నీ మూడో ఫ్రెండ్ చెప్పిన ఈ దారి నీ డబ్బుకి నష్టం లేనిదే కానీ, నీ కోరిక దీనితో తీరదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ షాపు మెట్లెక్కుతావేమో అనిపిస్తోంది.

మూత ఉన్న పెట్టెతో వచ్చే కిట్ మూడోది. శబ్దం కావాలంటే, మిగతావన్నీ తెలిసి కూడా కావాలంటే, ఇదే మర్యాదైన దారి. గాలి బయటినుంచే వస్తుంది, ఇంజిన్ వేడి దూరదు, ఫిల్టర్ ఎత్తులోనే ఉంటుంది. కొనే ముందు నీ మోడల్‌కే చేసిందా లేక ఏదో పైపు కోసి అమర్చేదా అడుగు. ఇంజిన్ లోపలి ఆవిర్లు తిరిగి ఇన్‌టేక్‌లోకి వచ్చే సన్న పైపు ఉంటుంది, దానికి సరైన మూతి ఈ కిట్‌లో ఉండాలి, దాన్ని బయటికి వదిలేసే కిట్ అయితే బీఎస్6 కాలుష్య నిబంధనల బండికి అది తప్పుడు పని. క్లాంపులు, రబ్బరు కప్లర్లు గట్టివై ఉండాలి, ఎందుకంటే ఫిల్టర్ దాటాక వేలెడు సందు ఉన్నా అంత మంచి ఫిల్టర్ పెట్టి ఏం లాభం. వారంటీ అయ్యేదాకా ఆగి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఈలోగా డబ్బు ఎక్కడికీ పోదు. స్టాక్ డబ్బా మాత్రం షాపులో వదిలి రాకు, స్క్రూలతో సహా ఇంటికి తెచ్చి పెట్టుకో, బండి అమ్మే రోజున అదే అడుగుతారు.

కోన్ ఫిల్టర్ సంగతి చెప్పేశాను. శబ్దం అన్నిటికంటే ఎక్కువ, ధర తక్కువ, వేడి గాలి, మన దుమ్ము. అయినా అదే కావాలంటే కనీసం హీట్ షీల్డ్ పెట్టించుకో, ఫిల్టర్ పేరున్న కంపెనీది ఉండేలా చూసుకో. షాపువాళ్లు పేరు చెప్పకుండా ఇచ్చే ఎర్ర కోన్‌ని మాత్రం టర్బో ముందు పెట్టకు.

అడ్వాన్స్ ఐదు వేలంటావా. వెనక్కి ఇస్తారేమో అడుగు, ఇవ్వకపోతే దానికి టైర్లో, వైపర్లో, సర్వీసో చేయించుకోవచ్చా అని అడుగు. అదీ కాదంటే పోయిందనుకో, ఐదు వేలు పోతున్నాయని ఇంకో తొమ్మిది వేలు పెట్టి ఇష్టం లేని సామాను బిగించుకోకు.

నాన్నగారి విషయంలో నీకు రెండు దారులున్నాయి. బండి నీ పేరు మీదుంది, జీతం నీది, చెప్పకుండా పెట్టించుకోవచ్చు. కానీ ఆయన నలభై ఏళ్లు ఇంజిన్ శబ్దం విని బతికిన మనిషి, మొదటి రోజే సెల్లార్‌లో స్టార్ట్ చేయగానే పట్టేస్తారు. అప్పుడు గొడవ ఫిల్టర్ గురించి జరగదు, దాచినందుకు జరుగుతుంది, అది చల్లారడానికి చాలాకాలం పడుతుంది. రెండోది, ఆయన్ని బానెట్ దగ్గరికి పిలవడం. "నాన్నా, ఇన్‌టేక్ మారుద్దామనుకుంటున్నా, అడ్వాన్స్ కూడా ఇచ్చేశా, నువ్వు దుమ్ము గురించి చెప్పింది నిజమే, ఈ రెంటిలో ఏది దుమ్ము బాగా ఆపుతుందో నువ్వు చూసి చెప్పు" అను. అనుమతి అడిగితే వద్దంటారు, అది ఆయన హక్కనుకుంటారు. సలహా అడిగితే కళ్లజోడు పెట్టుకుని చూస్తారు. అయినా వద్దే అనొచ్చు. అప్పుడు ఆయన పీఎఫ్ డబ్బు సంగతి గుర్తుంచుకుని వారంటీ అయ్యేదాకా ఆగుతావా, ఆయన అలిగినా సరే పెట్టించుకుంటావా అన్నది నువ్వే తేల్చుకోవాలి, నీ ఇల్లు నీకు తెలిసినంత నాకు తెలియదు. నేనైతే ఆగమనే అంటాను, ఆ ఏడాది రెండేళ్లలో నీకు ఇదే శబ్దం కావాలో లేదో కూడా తెలిసిపోతుంది.

ఫ్రెండ్స్ గుంపు గురించి ఒక్క మాట. ఈసారి అనంతగిరి వెళ్లినప్పుడు నీ బండి ఇచ్చి, ఇన్‌టేక్ మార్చిన ఇలాంటి టర్బో బండి ఒకటి తీసుకుని వికారాబాద్ దాకా నడుపు, అద్దాలు ఎత్తి కొంతసేపు, దించి కొంతసేపు. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని ఆ ఈల వినగలవా అన్నది నీ చెవులే చెప్తాయి. కొందరికి నెలకే విసుగొస్తుంది, కొందరికి ఎన్నేళ్లయినా మోజు తీరదు.

చివరికి ఏది పెట్టించినా, ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉన్న పైపు క్లాంపు వదులు చేసి, తెల్లటి పాత బనీను గుడ్డతో లోపల తుడువు. కాస్త నూనె తడి ఉంటే కంగారు పడకు, ఆవిర్ల పైపు నుంచి అలా వస్తుంటుంది. గుడ్డ మీద వేళ్ల మధ్య గరగరలాడే దుమ్ము కనిపిస్తే మాత్రం ఆ రోజే స్టాక్ డబ్బా తిరిగి బిగించేసెయ్.